రెండు రంగులు, ఇరవై నిమిషాలు: జాజ్ ఆల్బమ్ మనమే వేసుకుంటే

(బెంగళూరులో తెలుగు సంగీత మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసింది)

అందరికీ నమస్కారమండి. వెనకాల వినిపిస్తోందా? ఓకే. ఆదివారం పూట మారతహళ్ళి నుంచి ఈ ట్రాఫిక్‌లో వచ్చారంటే మీకు సంగీతం మీద నిజంగానే ప్రేమ ఉన్నట్టు, కాబట్టి టైమ్ వేస్ట్ చెయ్యను, సూటిగా విషయంలోకి వస్తాను.

మేం ఐదుగురం కలిసి ఒక జాజ్ స్టాండర్డ్స్ ఆల్బమ్ చేశాం, కంపెనీ లేదు, లేబుల్ లేదు, మేమే రికార్డ్ చేయించుకుని మేమే కవర్ వేసుకుని మేమే రిలీజ్ చేశాం. నేను పాడతాను, కవర్ డిజైన్ కూడా నాదే, పగలు మాత్రం మీలో సగం మందిలాగే ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం. డబుల్ బేస్ వాయించేది ఫ్రేజర్ టౌన్‌లో ఉండే ఒక అంకుల్, ఆయన దగ్గర ఉన్న పాత రికార్డులు చూసే నాకు ఈ పిచ్చి పట్టింది. ఆల్బమ్ బయటికొచ్చాక అందరూ ఒకటే అంటున్నారు, "భలే వింటేజ్ లుక్ వచ్చిందే, ఏం ఫిల్టర్ వాడావు" అని. ఫిల్టర్ ఏమీ లేదండి. ఈరోజు నేను చెప్పాలనుకున్నది మొత్తం అదే. ఆ పాత రికార్డులు అలా ఉండటానికి, అలా వినిపించడానికి కారణం అప్పటివాళ్ళకి ఉన్న హద్దులు. ఆ హద్దులు మనం మళ్ళీ పెట్టుకుంటే ఆ లుక్కు దానంతటదే వస్తుంది, పెట్టుకోకపోతే ఎంత దుమ్ము, ఎన్ని గీతలు పూసినా నాటకాల వాళ్ళ మేకప్‌లానే ఉంటుంది.

జాజ్ అంటే తెలియనివాళ్ళు కొంతమంది ఉన్నారని ఇందాకే చెప్పారు కాబట్టి ఒక రెండు ముక్కలు. స్టాండర్డ్స్ అంటే ఎక్కువ భాగం 1920ల నుంచి 1950ల దాకా న్యూయార్క్ నాటకాల కోసం, సినిమాల కోసం రాసిన పాటలు, వాటిని జాజ్ వాళ్ళు తీసుకుని వాయించి వాయించి ఉమ్మడి ఆస్తి చేసేశారు. చాలా పాటలకి 32 బార్ల కట్టుబాటు ఉంటుంది, బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది, ఎనిమిది బార్ల ముక్క ఒకటి, మళ్ళీ అదే, తర్వాత వేరే ముక్క, చివర్లో మళ్ళీ మొదటిది. ముందు పాట మామూలుగా వాయిస్తారు, తర్వాత అదే కార్డ్స్ మీద, అంటే పాట కింద నడిచే స్వరాల గుత్తుల మీద, ఒక్కొక్కరు వంతులవారీగా మనోధర్మం చూపిస్తారు, చివర్లో అందరూ కలిసి పాట ముగిస్తారు. కచేరీలకి వెళ్ళేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, కీర్తన అందరికీ తెలిసిందే, మనం వెళ్ళేది ఈయన నెరవల్ ఎలా చేస్తాడు, స్వరం ఎలా వేస్తాడు అని కదా. ఇక్కడా అంతే. 1958లో అమెరికా జాజ్ పియానిస్ట్ డేవ్ బ్రూబెక్ బృందం మద్రాసు వచ్చినప్పుడు ఆయన మన మృదంగం వాళ్ళ లెక్కలు విని ఆశ్చర్యపోయాడంటే ఊరికే కాదు.

సరే, ఇప్పుడు అసలు తలనొప్పి, హక్కులు. నేను లాయర్ని కాదు, మేం ఎలా ఆలోచించామో చెప్తున్నా అంతే, మీరు చేసేటప్పుడు తెలిసినవాళ్ళని అడగండి.

"పాత పాటలే కదా, ఎవడు అడుగుతాడు" అనుకుంటారు చాలామంది. అడుగుతారండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, పైగా మన చట్టంలో ట్యూన్ వేరు, సాహిత్యం వేరు, రెండూ విడివిడి రచనలు. ఉదాహరణకి ఆల్ ద థింగ్స్ యు ఆర్ అని 1939 పాట ఉంది, జాజ్ నేర్చుకునే ప్రతివాడూ వాయించేదే. ట్యూన్ జెరోమ్ కెర్న్‌ది, ఆయన 1945లో పోయాడు, సాహిత్యం ఆస్కార్ హ్యామర్‌స్టీన్‌ది, ఆయన 1960లో పోయాడు. అంటే ఇక్కడ 2020 డిసెంబర్‌తో ఇద్దరిదీ అయిపోయింది. కానీ అమెరికాలో లెక్క వేరు, ఆ కాలపు పాటలకి అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు, కాబట్టి అక్కడ 2034 చివరిదాకా హక్కుంది. ఇప్పుడు మీరు ఆ పాట ఆన్‌లైన్‌లో పెడితే అది జయనగర్‌లోనూ మోగుతుంది, న్యూజెర్సీలో ఉన్న మీ బావగారి కారులోనూ మోగుతుంది. అందుకే "ఇక్కడ ఫ్రీ" అన్నమాట పట్టుకుని కూర్చుంటే సరిపోదు. ఆటమ్ లీవ్స్ అనే పాట అయితే ఇక్కడ కూడా ఫ్రీ కాదు, ట్యూన్ కట్టిన జోసెఫ్ కోస్మా పోయింది 1969లో, ఆ ఒక్క లెక్క చాలు, మిగతావి చూడక్కర్లేదు.

ఇంకోటి, మన కాపీరైట్ చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉంది, కవర్ వెర్షన్లకి. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది అయిపోయాక ఐదేళ్ళు దాటితే, ముందే నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందే కట్టి, ఎవరైనా కవర్ చేసుకోవచ్చు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? అసలు సంగతి కింద ఉంది. ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. మేం వేసుకునేది మూడొందల రికార్డులండి. (నవ్వులు) ఇది పెద్ద కంపెనీల మీద ఒక కన్నేసి ఉంచి రాసిన సెక్షన్, మనలాంటి చిన్నవాళ్ళు ఉంటారని ఎవరూ అనుకున్నట్టు లేదు. కాబట్టి దారి ఏంటంటే, హక్కులున్న పాటలకి పబ్లిషర్ తరఫున ఇక్కడ ఎవరు చూస్తున్నారో కనుక్కుని, పాటల హక్కుల రాయల్టీలు చూసే సంస్థ ఐపీఆర్ఎస్ ద్వారానో నేరుగానో రాసి, ఇంత చిన్న రన్‌కి ఎంత అని అడగడం. ఓపిక కావాలి. మెయిల్‌కి జవాబు రాకపోతే ఇంకో మెయిల్, దానికీ రాకపోతే ఆ పాట లిస్టు నుంచి తీసెయ్యడం. అలా తీసేసినవాటిలో నాకు ప్రాణమైన పాట ఒకటుంది, పేరు చెప్పను, చెప్తే మళ్ళీ ఏడుపొస్తుంది.

ఇక్కడే జాజ్ వాళ్ళ పాత తెలివి ఒకటి మాకు పనికొచ్చింది. ట్యూన్ మీద హక్కుంటుంది గానీ కింద నడిచే కార్డ్స్ వరస ఎవరి సొత్తూ కాదని 1940ల నుంచి వాళ్ళు అలాగే నడుపుతున్నారు. గెర్ష్విన్ 1930లో కట్టిన ఐ గాట్ రిథమ్ కార్డ్స్ మీద సాక్సోఫోన్ వాయించే చార్లీ పార్కర్ కాలం వాళ్ళు లెక్కలేనన్ని కొత్త ట్యూన్లు కట్టారు, అసలు ఆ వరసకే "రిథమ్ చేంజెస్" అని పేరు పడిపోయింది. మేం కూడా సైడ్ ఎ చివర్లో అదే వరస మీద మా సొంత ట్యూన్ ఒకటి పెట్టాం. స్టాండర్డ్స్ ఆల్బమ్‌లో సొంతదేంటి అని అడిగినవాళ్ళకి ఇదే జవాబు.

ఒక జాగ్రత్త చెప్పి ముందుకెళ్తా. పాట ఫ్రీ అయినంత మాత్రాన పాత రికార్డింగ్ ఫ్రీ కాదు, ఆ పాటకి ఎవరో ఈమధ్య రాసుకున్న అరేంజ్‌మెంట్ కూడా ఫ్రీ కాదు. యూట్యూబ్‌లో విన్నది విన్నట్టు దించేస్తే దొరికిపోతారు. జాజ్ స్టూడెంట్స్ అందరి దగ్గరా ఉండే రియల్ బుక్ అనే పాటల నొటేషన్ పుస్తకం చూసి వాయించినా చూసుకోండి, అది 1970లలో బోస్టన్‌లో పర్మిషన్ లేకుండా జెరాక్సుల్లో పుట్టిన పుస్తకం, 2004లో గానీ సక్రమమైన ఎడిషన్ రాలేదు, పాత కాపీల్లో తప్పు కార్డ్స్ బోలెడు. ఒరిజినల్ షీట్ మ్యూజిక్ దొరికితే దాన్ని చూడటమే మేలు, చాలా పాటలకి ముందు ఒక చిన్న పీఠికలాంటి భాగం ఉంటుంది, ఎవరూ పాడరు దాన్ని, మాకు రెండు మంచివి అలాగే దొరికాయి.

రికార్డింగ్ సంగతి. మేం అందరం ఒకే గదిలో ఒకేసారి వాయించాం. చెవిలో తాళం కొట్టే క్లిక్ లేదు, విడివిడిగా ట్రాక్‌లు తీసుకోలేదు. ఇప్పటి పద్ధతిలో అయితే నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పాడి పంపిస్తే డ్రమ్స్ అబ్బాయి ఇంకో ఊళ్ళో వాయించి పంపిస్తాడు, తప్పేం లేదు, కానీ జాజ్‌కి అది కుదరదు, ఎందుకంటే పియానో ఆయన నా ఊపిరి చూసి కార్డ్ వేస్తాడు. ఒకే గదిలో వాయిస్తే డ్రమ్స్ మోత నా మైక్‌లోకి వస్తుంది, దాన్ని తర్వాత తీసెయ్యలేం, నేను ఒక్క మాట తప్పితే మొత్తం టేక్ పోతుంది. అదే హద్దు, ఆ భయం పాటలో వినిపిస్తుంది, బాగానే వినిపిస్తుంది.

రూడీ వాన్ గెల్డర్ అని ఒకాయన, బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ రికార్డింగులు చాలా ఆయన చేసినవే, 1959 దాకా ఆయన స్టూడియో ఏంటో తెలుసా, న్యూజెర్సీ హ్యాకెన్‌సాక్‌లో వాళ్ళ అమ్మానాన్నల ఇంటి హాలు. పగలు ఆయన ఉద్యోగం కళ్ళ పరీక్షలు చేసి అద్దాలు రాసివ్వడం. అంటే సైడ్ ప్రాజెక్ట్ అన్నమాట! మనం ఇక్కడ ప్రొడక్షన్ ఇష్యూలు చూసుకుంటూ శని ఆదివారాలు పాటలు పాడుకుంటున్నాం అని సిగ్గుపడక్కర్లేదు.

వినైల్, అంటే ముల్లు పెట్టి వినే ప్లాస్టిక్ రికార్డు, వెయ్యాలనుకుంటే ఇంకో హద్దు, టైమ్. పన్నెండు అంగుళాల ఎల్పీకి, అంటే లాంగ్ ప్లే రికార్డుకి, సైడుకి సుమారు ఇరవై నిమిషాలు అనుకోండి, ఇంకా ఎక్కువ పట్టించొచ్చు గానీ అప్పుడు ముల్లు నడిచే గాడులు దగ్గరదగ్గరగా కొయ్యాలి, సౌండ్ తగ్గుతుంది, బేస్ పలచబడుతుంది. పైగా రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, ఆ స్పీడు మారదు, కానీ బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి నడిస్తే లోపలికి వచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అంటే అదే సంగీతాన్ని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే లోపలి పాటల్లో "స" శబ్దాలు, సింబల్స్ చీదరగా వినిపిస్తాయి. పాతకాలం వాళ్ళు నెమ్మది పాటలు సైడ్ చివర పెట్టేది చాలావరకు ఇందుకే. ఇందాక మా సొంత ట్యూన్ సైడ్ ఎ చివర్లో ఉందన్నాను కదా, అది నెమ్మదిగా నడిచేది, గొంతు లేనిది కాబట్టే అక్కడ పెట్టాం. పాటల వరస మేం ప్లేలిస్టులా మూడ్ చూసి వెయ్యలేదండి, గాడి చెప్పినట్టు వేశాం. మన దేశంలో చాలా ఏళ్ళు రికార్డులు నొక్కే ఫ్యాక్టరీయే లేదు, కలకత్తా డమ్‌డమ్‌లో ఉన్నది ఎప్పుడో ఆగిపోయింది, ఈమధ్యే ముంబైలో మళ్ళీ మొదలైంది, కాబట్టి చెక్ రిపబ్లిక్‌కో జర్మనీకో పంపించి కస్టమ్స్‌తో కొట్టుకోవాల్సిన పని కాస్త తప్పింది.

ఇప్పుడు కవర్. దీని గురించి నేను ఆగకుండా మాట్లాడతాను, ఎవరన్నా టైమ్ చూసి చెప్పండి.

1940కి ముందు రికార్డులకి బొమ్మల కవర్ అనేదే పెద్దగా లేదు. అట్టల మధ్య ఫోటో ఆల్బమ్‌లా 78 ఆర్‌పీఎం రికార్డులు పెట్టి అమ్మేవాళ్ళు, పైన పేరు తప్ప ఏమీ ఉండదు, సమాధి రాళ్ళు అని వెక్కిరించేవాళ్ళట వాటిని. కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ కుర్రాడు పట్టుబట్టి బొమ్మ వేశాడు, చిన్న పోస్టర్ లాగా, దూరం నుంచి చూసినా తెలిసేట్టు. 1948లో ఎల్పీ వచ్చాక ఆ చదరపు అట్ట అందరికీ దొరికిన గోడ అయింది. డేవిడ్ స్టోన్ మార్టిన్ అని ఇంకొకాయన ఇంకు గీతలతో బొమ్మలు వేసేవాడు, ఒక్క గీత తెగకుండా సాక్సోఫోన్ మొత్తం వచ్చేస్తుంది, అవి చూస్తే నాకు మన బాపు గారి గీతే గుర్తొస్తుంది.

అందరూ కాపీ కొట్టేది మాత్రం రీడ్ మైల్స్‌ని. 1950ల మధ్య నుంచి 1967 దాకా బ్లూ నోట్ కవర్లు వందల కొద్దీ చేశాడు. ఫ్రాన్సిస్ వుల్ఫ్ సెషన్స్‌లో తీసిన నలుపు తెలుపు ఫోటో, దాన్ని నిర్దాక్షిణ్యంగా కోసెయ్యడం, పెద్దపెద్ద అక్షరాలు, ఒకే ఒక్క రంగు. ఆయనకి జాజ్ అంటే పెద్ద ఇష్టం కూడా లేదంటారు, వెస్టర్న్ క్లాసికల్ వినేవాడట. ఆ ఒక్క రంగు ఎందుకంటే కళ కోసం కాదు, బ్లూ నోట్ చిన్న కంపెనీ, నాలుగు రంగులు వేసే డబ్బుల్లేవు. నలుపుకి తోడు ఇంకోటి, అంతే బడ్జెట్. మన పాత వారపత్రికల లోపలి పేజీలు గుర్తున్నాయా, కథకి బొమ్మ నలుపులో వేసి చీరకో తలుపుకో ఒక ఎరుపో నీలమో పూసేవాళ్ళు, అదీ ఇందుకే. ఇక్కడ మద్రాసులో, అక్కడ న్యూయార్క్‌లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండానే ఒకే పని చేశారు, ఇద్దరి జేబులోనూ అంతే ఉంది కాబట్టి.

అందుకని నేను పెట్టుకున్న రూల్, రెండే ఇంకులు. నలుపు, ఇటుక ఎరుపు. ఫైల్ తీసుకుని సుల్తాన్‌పేటకి వెళ్ళాను, పెళ్ళి కార్డుల వాళ్ళు, పేపర్ షాపులు అన్నీ అక్కడే కదా. ప్రింటింగ్ ప్రెస్ ఆయన కన్నడ, తెలుగు కలిపి మాట్లాడతాడు, ఫైల్ చూసి "ఏనమ్మా, రెండు రంగులకి ఎందుకు ఎక్కువ డబ్బులు పెడతావు, నాలుగు రంగుల్లో వేస్తే చవకగా అయిపోతుంది" అన్నాడు. నిజమేనండి! ఇప్పటి మిషన్లు నాలుగు రంగులకే సెట్ అయి ఉంటాయి, మన కోసం ప్రత్యేకంగా ఒక ఎరుపు కలపాలి, దానికోసం రోలర్లు కడగాలి, తర్వాత మళ్ళీ కడగాలి, చిన్న రన్‌కి అదే ఖర్చు. వాళ్ళకి డబ్బుల్లేక వచ్చిన హద్దుని నేను డబ్బులిచ్చి కొనుక్కుంటున్నా. ఇది కాస్త నవ్వొచ్చే విషయమే, నేను ఒప్పుకుంటా, కానీ నాలుగు రంగుల చుక్కలు కలిసి పుట్టే ఎరుపు, డబ్బాలో కలిపిన ఎరుపు పక్కపక్కన పెట్టి చూడండి, రెండోది కాగితంలోకి ఇంకి కూర్చుంటుంది, మొదటిది కాగితం మీద తేలుతుంది. ఇంకో చిట్కా కూడా ఆయనే చెప్పాడు, కోటింగ్ లేని కాగితం ఇంకు పీల్చుకుని చుక్కలు ఉబ్బుతాయి, ఫోటో నల్లబడిపోతుంది, కాబట్టి స్క్రీన్ మీద పాలిపోయినట్టు కనిపించేదాకా లేత చేసి ఇవ్వమన్నాడు. ఈ మాట ఏ డిజైన్ కోర్సులోనూ నాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అక్షరాల దగ్గర మాత్రం పెద్ద యుద్ధం జరిగింది. ముందు వైపు ఇంగ్లీష్, వెనక వైపు తెలుగు అని అనుకున్నాం, పాడింది ఇంగ్లీష్ అయినా పాడింది మనమే కదా. రీడ్ మైల్స్ స్టైల్‌లో ఇంగ్లీష్ పెద్దక్షరాలు ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చెయ్యొచ్చు, అన్నీ ఒకే ఎత్తు, ఫ్యూచురా లాంటి 1927 నాటి టైప్ అయితే మరీ సుఖం. తెలుగుని అలా పేర్చి చూడండి, పైన గుడులు, కింద వత్తులు, పై లైన్ వత్తు కింది లైన్ గుడి నెత్తిన పడుతుంది. లైన్ల మధ్య ఖాళీ పెంచితే ఆ బిగువు పోతుంది. రకరకాల ఫాంట్లు మార్చి చూశాక, ఇది ఫాంట్ పని కాదని పాత పత్రికల్లో కథల శీర్షికలు తీసి చూశాను. వాళ్ళు టైప్ వాడలేదు, చేత్తో రాశారు, కింది లైన్‌లో ఎక్కడ సందుంటే అక్కడికి వత్తుని జరిపేశారు, గుడిని కాస్త పక్కకి వంచారు, ఎక్కడ తగులుకోవాలో అక్కడ కావాలనే తగిలించారు. మేమూ బ్రష్‌తో రాయించి స్కాన్ చేశాం. ఆ వెనక అట్ట నాకు ముందు అట్ట కంటే ఇష్టం. బ్లూ నోట్‌లో లేనిది మన దగ్గర ఉన్నది అదొక్కటే.

దయచేసి చెయ్యొద్దనేది ఒక్కటే ఉంది, దొంగ పాతదనం. అట్ట మీద రికార్డు ఒరిపిడి పడిన గుండ్రటి మరక, అంచులు చిరిగినట్టు, కాఫీ మచ్చ, పాట మొదట్లో చిటపటలు, ఇవన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి. 1958లో ఆ రికార్డు కొన్నవాడికి అది కొత్తగా, తళతళలాడుతూ వచ్చింది. మరక వాళ్ళు డిజైన్ చెయ్యలేదు. పెద్ద కంపెనీల లోగోలు కూడా మార్చి వాడుకోకండి, అవి ట్రేడ్‌మార్కులు.

ఆన్‌లైన్ రిలీజ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఏదో ఒక డిస్ట్రిబ్యూటర్‌కి ఇస్తే అన్ని చోట్లకీ వెళ్తుంది, 3000 పిక్సెల్స్ చదరం కవర్ అడుగుతారు, ఫోన్‌లో అది గోరంత కనిపిస్తుంది, దూరం నుంచి తెలియాలన్న స్టైన్‌వైస్ పద్ధతి ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. సంగీతం నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది, మా రికార్డులు ఎక్కువ అక్కడే పోయాయి. ట్యూన్ ఎవరిది, మాటలు ఎవరివి అనేది పూర్తి పేర్లతో కరెక్ట్‌గా నింపండి, అక్కడ తప్పితే డబ్బులు ఎవరికో వెళ్తాయి. వీడియో తీస్తే దానికి వేరే పర్మిషన్, ఆడియోకి తీసుకున్నది చెల్లదు.

ఆ, చెప్పు తమ్ముడూ. మైక్ తీసుకో... "అక్కా, ఇంతా చేసి ఇంగ్లీష్‌లోనే ఎందుకు పాడారు, తెలుగులో రాసి పాడితే మా అమ్మ కూడా వినేది కదా" అంటున్నాడు. మంచి ప్రశ్న. కవర్‌కి ఇచ్చే పర్మిషన్‌లో మాటలు మార్చే హక్కు రాదు, అనువాదం అనేది విడిగా అడగాల్సిన హక్కు, పబ్లిషర్లు దానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. కానీ ఇందాక చెప్పిన ఆల్ ద థింగ్స్ ఉంది కదా, అది ఇక్కడ ఫ్రీ అయింది కాబట్టి తెలుగు చేసి డిస్ట్రిబ్యూటర్ దగ్గర దేశాల లిస్టులో ఇండియా ఒక్కటే టిక్ పెట్టి వదలొచ్చు, అలా చేసుకునే వీలు ఉంది. మీ బావగారు న్యూజెర్సీలో వినాలంటే మాత్రం 2035 జనవరి దాకా ఆగాలి. (నవ్వులు) పల్లవి వరకు రాశాను, చరణంలో ఆ ట్యూన్ స్థాయి మారే చోట తెలుగు దీర్ఘాలు సరిగ్గా కూర్చోవట్లేదు, ఇక్కడ పాటలు రాసేవాళ్ళు ఎవరన్నా ఉంటే ప్రోగ్రాం అయ్యాక నన్ను పట్టుకోండి, షీట్ బ్యాగులోనే ఉంది.